ముప్పైలో పదకొండు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, ముప్పై ప్రశ్నల కాగితాలూ అందాయి. మీ ఊరి లైబ్రరీలో వచ్చే నెల జరిగే క్విజ్ పోటీకి డాన్ బ్రౌన్ రాసిన ‘ది డావిన్సీ కోడ్’ నవల ఎంచుకున్నావట, బాగుంది. 2003లో వచ్చింది, కోట్ల కాపీలు పోయాయి. చదివినవాళ్ళు దొరక్కపోవడమనే భయం లేదు. “తప్పులుంటే దిద్దండి మాస్టారూ” అన్నావు. తప్పులు రెండే. పనికిరాని ప్రశ్నలు మాత్రం చాలా ఉన్నాయి. కోపం తెచ్చుకోకు తల్లీ. ఎప్పటికైనా ఒక థ్రిల్లర్ రాయాలని ఉందని పోయినసారి చెప్పావు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. లేకపోతే టిక్కులు పెట్టి పంపేసేవాణ్ణి.

నీ ఏడో ప్రశ్న చూడు. సన్యాసి సైలస్ ముళ్ళ పట్టీ బిగించుకున్నది ఏ తొడకి? ఎడమ తొడకా, కుడి తొడకా? ఎడమైతే కథలో ఏం మారుతుంది, కుడైతే ఏం మారుతుంది? దీనికి జవాబు చెప్పగలిగినవాడు పోటీ కోసం బట్టీ పట్టినవాడు. పుస్తకం చేతిలోంచి దించలేక రాత్రి రెండింటి దాకా మేలుకున్నవాడికి ఇది గుర్తుండదు. నీ పోటీలో గెలవాల్సింది ఆ రెండోవాడు కదా?

ఇప్పుడు నువ్వు అడగకుండా వదిలేసిన చోటొకటి చెప్తాను. లూవ్ర్ మ్యూజియంలో చనిపోతూ అక్కడి క్యూరేటర్ జాక్ సోనియేర్ నేల మీద నాలుగు వరుసలు రాస్తాడు. మొదటిది అంకెలు, తర్వాత అర్థంలేని రెండు వరుసలు, చివర ‘పి.ఎస్. రాబర్ట్ లాంగ్డన్‌ని వెతుకు’ అని. ఆ చివరి వరుసను పోలీసు అధికారి ఫాష్, కథానాయకుడు లాంగ్డన్ వచ్చేలోపే తుడిపించేస్తాడు. అతని దృష్టిలో పి.ఎస్. అంటే ఉత్తరం కింద రాసే ‘తాజా కలం’, పక్కనున్నది హంతకుడి పేరు. సోనియేర్ మనవరాలు సోఫీకి మాత్రం అవి తన అక్షరాలు. చిన్నప్పుడు తాతయ్య పిలిచే ‘ప్రిన్సెస్ సోఫీ’ అనే ముద్దుపేరు. అవే రెండక్షరాలు ఒకరికి సాక్ష్యమయ్యాయి, ఇంకొకరికి పిలుపయ్యాయి. “చివరి వరుసను ఫాష్ ఎలా చదివాడు, సోఫీ ఎలా చదివింది?” అని అడిగి చూడు. చదివినవాడి మొహం వెలుగుతుంది. చదవనివాడు ఊహించి చెప్పలేడు. ప్రశ్న రాస్తూ రాస్తూ నువ్వూ ఒకటి పట్టుకుంటావు, ఆ రచయిత కీలకాన్ని ఎక్కడా మూల దాచలేదని. అందరి కళ్ళ ముందే పెట్టి, పోలీసు చేత తప్పుగా చదివించాడు. నీ నవల రాసేటప్పుడు పనికొచ్చేది ఇదే. నా నలభై ఏళ్ళ అనుభవంలో థ్రిల్లర్ల గురించి నేను నేర్చుకున్నదంతా చదివేటప్పుడు కాదు, వాటి మీద ప్రశ్నలు తయారుచేసేటప్పుడే నేర్చుకున్నాను.

మన పొడుపు కథలూ అంతేగా. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, తీసినా మూసినా చప్పుడు కావు.’ కనురెప్పలు అని చెప్పాక, అయ్యో ఇంతేనా, కళ్ళెదురుగానే ఉందే అనిపించాలి. అనిపించకపోతే ఆ పొడుపు దండగ.

లాంగ్డన్ చేతి గడియారం మీద ఎవరి బొమ్మ ఉంటుందన్న నీ ప్రశ్నని ముందు కొట్టేశాను. తర్వాత మళ్ళీ పక్కన టిక్కు పెట్టాను. మిక్కీ మౌస్ గడియారం ఊరికే తమాషా అనుకున్నా. అయితే పుస్తకం సగం దాటాక ఆ గడియారం చూపించే కదా డిస్నీ తన బొమ్మల సినిమాల్లో ఏమేం దాచాడో లాంగ్డన్ చెప్పుకొచ్చేది. కాబట్టి ఉంచు. కాకపోతే “ఆ గడియారం పేరు చెప్పి లాంగ్డన్ ఎవరి గురించి మాట్లాడతాడు?” అని మార్చు.

ఇక నీ రెండు తప్పుల్లో పెద్దది. పన్నెండో ప్రశ్న: ‘ప్రయరీ ఆఫ్ సయాన్ ఎప్పుడు స్థాపించారు?’ జవాబు 1099 అని రాసుకున్నావు. సరిగ్గా ఇదే ప్రశ్న నేనూ ఒకప్పుడు అడిగాను తల్లీ, నీ కంటే చాలా పెద్ద సభలో. ఒక కాలేజీలో పోటీ, నేను ప్రశ్నలు తయారుచేసినవాణ్ణీ, న్యాయనిర్ణేతనీ. ఒకమ్మాయి లేచి 1956 అంది. తప్పన్నాను, మార్కు కోశాను, ఆ ఒక్క మార్కుతో ఆమె జట్టు ఓడిపోయింది. అయిపోయాక ఆమె నా దగ్గరికి వచ్చి, గొడవేమీ పెట్టుకోకుండా, “నవల ప్రకారం అని మీరు అడగలేదు కదా సార్” అని మాత్రం అని వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి వెతికితే ఆమె చెప్పిందే నిజం. నవల మొదట్లో ‘వాస్తవం’ అని శీర్షిక పెట్టిన పేజీలో ఆ రహస్య సంఘం 1099 నాటిదని ఉంది. అసలు సంగతేమిటంటే పియేర్ ప్లాంటార్ అనే ఫ్రెంచివాడు 1956లో దాన్ని రిజిస్టర్ చేయించాడు. పురాతనమైనవంటూ పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేర్చిన కాగితాలు కూడా దొంగవేనని తర్వాత తేలింది. రచయిత ‘వాస్తవం’ అని ముద్ర వేస్తే నేను కళ్ళు మూసుకుని నమ్మాను. ఆ పేజీ కూడా కథలో భాగమేనని నాకు తట్టలేదు. ఆ అమ్మాయికి తట్టింది. ఆ మార్కు ఇప్పటికీ బాకీ ఉంది.

అందుకే కాగితం మొదట్లో పెద్దక్షరాలతో ‘జవాబులన్నీ నవల ప్రకారం’ అని రాయి. లేదా ఆ తేడానే ప్రశ్న చెయ్యి. లూవ్ర్ ముందున్న గాజు పిరమిడ్‌లో నవల ప్రకారం 666 అద్దాలు. మ్యూజియం వాళ్ళ లెక్క 673. రచయిత ఏడు ఎందుకు తగ్గించుకున్నాడో అడిగితే పిల్లలు ఎగబడి చెప్తారు.

రెండో తప్పు, నీ కాగితాల్లో నన్ను బాగా కూర్చోబెట్టింది, పదిహేడో ప్రశ్న. ‘క్రిప్టెక్స్‌ను తెరిచే ఐదక్షరాల మాట ఏది?’ అని, అక్షరాల చక్రాలు తిప్పి తెరిచే ఆ తాళపు గొట్టం గురించి తెలుగులో అడిగావు, జవాబు ‘సోఫియా’ అన్నావు. వేళ్ళ మీద లెక్కపెట్టు. సో, ఫి, యా. మూడే! రెండో క్రిప్టెక్స్‌ది ‘ఆపిల్’, అది ఇంకా కష్టం, ఆ పొల్లు లకారాన్ని అక్షరమనాలో కాదో పండితులు కొట్టుకుంటారు. ఇంగ్లీషులో ఐదు చక్రాలు, ఒక్కో చక్రం మీద 26 అక్షరాలు. అంటే 1,18,81,376 రకాలుగా తిప్పి చూడాలి. పగలగొడదామంటే లోపలి వెనిగర్ గొట్టం పగిలి కాగితం కరిగిపోతుంది. మన లిపిలో అదే యంత్రం చెయ్యాలంటే గుణింతాలూ ఒత్తులూ కలిపి ఒక్కో చక్రం బండి చక్రమంత అవుతుంది. (నేనైతే తెలుగు క్రిప్టెక్స్‌కి ‘వికటకవి’ పెడతాను. సరిగ్గా ఐదక్షరాలు, ఎటు నుంచి తిప్పినా తెరుచుకుంటుంది. నీ నవలకి కావాలంటే వాడుకో.)

సోనియేర్ నేల మీద రాసిన ఆ అర్థంలేని రెండు వరుసలదీ ఇదే ఇబ్బంది. అక్షరాలు అటూ ఇటూ మారిస్తే ‘లియొనార్డో డావిన్సీ, ది మోనాలీసా’ అని వచ్చేది ఇంగ్లీషులోనే. వాటిని తెలుగు లిపిలో రాసి ‘అక్షరాలు సరిచేయండి’ అంటే పాపం ఎవరు చెయ్యగలరు? ఆ ఒక్క ప్రశ్ననీ బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయించు, ఫరవాలేదు. లండన్‌లో పోప్ సమాధి చేసిన వీరుడి గురించి ఆధారంగా దొరికే పద్యం మీద మాత్రం ఇంకొంచెం శ్రద్ధ పెట్టు. ‘ఎ పోప్’ అంటే ‘ఒక పోప్’ అనుకుని లాంగ్డన్ వాళ్ళు టెంపుల్ చర్చికి పరిగెత్తుతారు. తీరా చూస్తే అది ఎ. పోప్, అలెగ్జాండర్ పోప్ అనే కవి. వీరుడేమో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉన్న న్యూటన్. దీన్ని తెలుగులోకి మారిస్తే ఆ మెలిక పోతుంది. మార్చకు. “పద్యంలోని ఏ మాటను తప్పుగా అర్థం చేసుకుని వాళ్ళు ముందు వేరే చోటికి వెళ్ళారు?” అని అడుగు. శ్లేష మనకు కొత్తా? ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ చెప్పిన పింగళి సూరన మనవాడే.

సినిమా చూసి పోటీకి వచ్చేవాళ్ళుంటారు, తప్పదు. వాళ్ళని పసిగట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: క్రిప్టెక్స్ తెరిచాక లోపల ఏముంది? పుస్తకంలో ఒకదాని లోపల ఇంకొకటి, చిన్నది, ఉంటుంది. సినిమాలో ఒకటితోనే సరిపెట్టారు. సినిమా అంటే గుర్తొచ్చింది, 2006లో దాన్ని మన రాష్ట్రంలో ప్రభుత్వం నిషేధిస్తే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మీ ఊళ్ళో పెద్దవాళ్ళకి గుర్తుండొచ్చు. బోనస్ ప్రశ్నగా పెట్టుకో.

పేర్ల మీద నువ్వు ఒక్క ప్రశ్నా అడగలేదు, ఆశ్చర్యమేసింది. బిషప్ పేరు అరింగరోసా. ఇటాలియన్‌లో ‘ఆరింగా’ అంటే ఒక చేప, ‘రోసా’ ఎరుపు ఛాయ. ఇంగ్లీషువాళ్ళు పాఠకుణ్ణి దారి తప్పించే పాత్రని ‘ఎర్ర చేప’ అంటారు. ఇంకేం కావాలి? రచయిత మొదటినుంచీ ఆయన మెడలో బోర్డు తగిలించి తిప్పాడు, మనమే చదవలేదు. అలాగే చంకకర్రలతో నడిచే ఆ బ్రిటిష్ చరిత్రకారుడు లీ టీబింగ్. మైకేల్ బైజెంట్, రిచర్డ్ లీ అని ఇద్దరు రచయితలు హెన్రీ లింకన్ అనే మరొకరితో కలిసి 1982లో ఇదే విషయం మీద ఒక పుస్తకం తెచ్చారు. మొదటి ఇద్దరి పేర్లనీ కలిపి, ‘బైజెంట్’ ఇంగ్లీషు అక్షరాలని తారుమారు చేస్తే ఈ పాత్ర పేరు వచ్చింది. ఆ ఇద్దరూ తమ పుస్తకాన్ని కాపీ కొట్టారంటూ లండన్‌లో కేసు వేసి 2006లో ఓడిపోయారు. తీర్పు రాసిన జడ్జి పీటర్ స్మిత్‌కి కూడా ఈ నవల పూనినట్టుంది. తీర్పు కాగితాల్లో అక్కడక్కడా కొన్ని అక్షరాలు వాల్చి రాసి, వాటిలో తన సొంత సంకేతమొకటి దాచిపెట్టాడు! ఒక లాయరు దాన్ని విప్పితే అందులో ఉన్నది నౌకాదళం అడ్మిరల్ జాకీ ఫిషర్ పేరు, ఆయన యుద్ధనౌక డ్రెడ్‌నాట్ పేరు. కేసుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. కోర్టులో కూర్చున్న పెద్దమనిషి కూడా జనం తన రాతను వెతుక్కుంటూ చదవాలని ఆశపడ్డాడంటే, నువ్వూ నేనూ ఆశపడటంలో తప్పేముంది.

అసలు దోషి ఎవరో అడిగే ప్రశ్న నీ చివరి ముప్పయ్యోది. తీసెయ్. పోటీకి చూడ్డానికి వచ్చేవాళ్ళలో సగంమంది ఇంకా చదవనివాళ్ళు ఉంటారు. జవాబు మైకులో వినిపించాక లైబ్రరీలో ఆ పుస్తకం ఎవరడుగుతారు? ఈ ఉత్తరంలో కూడా ఆ పేరు దోషిగా రాయలేదు చూశావా. మీ తమ్ముడు నా ఉత్తరాలు తెరిచి చదువుతాడని నాకు తెలుసు.

ఆప్షన్ల సంగతి ఒక్క మాట. పోలీసు అధికారి ఎవరన్నదానికి నాలుగో ఆప్షన్‌గా షెర్లాక్ హోమ్స్‌ని పెట్టావు. నవ్వొచ్చింది కానీ, అలా పెడితే ఆప్షన్లు మూడే అయినట్టు. తప్పు జవాబులన్నీ అదే పుస్తకంలోంచి తీసుకో, ఫాష్ పక్కన అతని కింది అధికారి కొలే ఉన్నాడు కదా.

చివరిగా నా తరఫున ఒక ప్రశ్న. సోనియేర్ రాసిన మొదటి వరుస అంకెలు 13, 3, 2, 21, 1, 1, 8, 5. వరుసలో పెడితే 1, 1, 2, 3, 5, 8, 13, 21. ముందున్న రెండూ కలిపితే తర్వాతది. అదే వరుస నవలలో జ్యూరిక్ బ్యాంకు ఖాతా నంబరు కూడా. ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచి 1202లో పుస్తకం రాశాడు కాబట్టి ఈ వరుసకి ఆయన పేరు పెట్టారు. అంతకుముందే మన జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సులో ఈ లెక్క చెప్పాడు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? గగ, భ, జ, స, నల. ఐదు. కంద పద్యంలో వాడే గణాలు ఇవే, సరిగ్గా ఐదే. నేను ముప్పై ఏళ్ళు కందం పాఠం చెప్పాను, ఐదే ఎందుకని ఒక్కరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. ఈ నవల మీద ప్రశ్నలు తయారుచేస్తూ ఒక రాత్రి తట్టింది. మీ లైబ్రరీకి వచ్చే తెలుగు మాస్టర్లని థ్రిల్లర్ పోటీలో కూర్చోబెట్టాలంటే ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

కాగితాలు వెనక్కి పంపుతున్నాను. ముప్పైలో పదకొండు మిగిలాయి. మిగతావి పది రోజుల్లో తిరగరాసి పంపు. ఆ ఛందస్సు ప్రశ్న పెట్టుకుంటే నాలుగు మాత్రలతో ఆపకుండా ఆరు మాత్రలకి అడుగు. జవాబు 13. నా మాట మీద వదిలెయ్యకుండా కాగితం మీద గురులఘువులు వేసి లెక్కపెట్టు. మొదటిసారి నాకు పన్నెండే వచ్చాయి.

ఆశీస్సులతో,
మాస్టారు