రూకీ రన్నింగ్ బ్యాక్ కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం, హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా భార్యది హెచ్-4 (డిపెండెంట్ వీసా), ఉద్యోగం లేదు. పాపకు నాలుగేళ్లు. ఇండియాకు పంపేది కూడా కలిపి నెలకు 5,400 డాలర్లు ఖర్చు. సేవింగ్స్‌లో 6,200 డాలర్లు ఉన్నాయి. ఆఫీసు వాళ్లతో 12 జట్ల డైనస్టీ ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్ ఆడుతున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నిజమైన ఆటగాళ్లను ఎంచుకుంటాం, మైదానంలో వాళ్ల ఆటను బట్టి మాకు పాయింట్లు. ఎంచుకున్నవాళ్లు ఏళ్ల తరబడి మా దగ్గరే ఉంటారు. ఏడాదికి 1,500 డాలర్ల ఎంట్రీ. 2025 రూకీ డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, నాది ఐదో పిక్ (వంతు). నా 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్‌లు కూడా ఇస్తే మొదటి పిక్ ఇస్తానని ఒకతను అంటున్నాడు. అది వస్తే రన్నింగ్ బ్యాక్ (బంతి మోస్తూ పరుగెత్తే ఆటగాడు) ఆష్టన్ జెంటీని తీసుకుంటాను. పదేళ్ల పాటు చేతిలో ఉండే ఆస్తి. కానీ లీగ్ రూల్ ప్రకారం ఆ రెండేళ్ల ఎంట్రీ, అంటే 3,000 డాలర్లు, ఇప్పుడే కట్టాలి. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీసుకోనా, 401(కె) రిటైర్మెంట్ అకౌంట్ నుంచి లోన్ తీసుకోనా? ఇంకో విషయం. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ వచ్చే ఏడాది తీసుకుంటే సరిపోతుందా?

సమాధానం: రెండు అప్పులూ వద్దు. కార్డు మీద క్యాష్ అసలే వద్దు.

మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో సగానికి పైగా జెంటీ గణాంకాలే ఉన్నాయి. మీ ఉద్యోగం పోతే ఇల్లు ఎలా గడుస్తుందో ఒక్క వాక్యం కూడా లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరు క్రిప్టో అంటారు, ఒకరు ఆప్షన్స్ అంటారు, ఒకరు ఊళ్లో ప్లాటు అంటారు. కొనాలనుకున్న దాని గురించి ఎంతో చదివి ఉంటారు. వెనక సేవింగ్స్ అకౌంట్ మాత్రం మీదాని లాగే నెల ఖర్చుకు కాస్త ఎక్కువ దగ్గర ఆగిపోయి ఉంటుంది.

మీరు అడిగింది ఆటగాడి గురించి కాబట్టి ముందు అదే చూద్దాం. జెంటీ మంచి ఆటగాడు, అందులో నాకు అనుమానం లేదు. బోయిసీ స్టేట్ యూనివర్సిటీ తరఫున 2024లో 2,601 గజాలు పరుగెత్తాడు. 1988లో బ్యారీ శాండర్స్ నెలకొల్పిన 2,628 గజాల కాలేజీ రికార్డుకు 27 గజాల దూరంలో ఆగాడు. 2023లో 43 పాస్‌లు పట్టాడు కాబట్టి పాస్‌లు ఎక్కువగా వేసే మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) కూడా మైదానంలో ఉంచుతారు. డ్రాఫ్ట్ నాటికి వయసు 21. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో రైడర్స్ జట్టు వాళ్లు అతన్ని మొత్తం మీద 6వ స్థానంలో తీసుకున్నారు. అంత పైన తీసుకున్న రన్నింగ్ బ్యాక్‌కు బంతి ఇవ్వకుండా ఏ కోచ్ కూర్చోడు. రూకీ బ్యాక్ విషయంలో నేనైతే అన్నిటికన్నా ముందు చూసేది ఇదే. కాలేజీలో ఎన్ని గజాలు చేశాడన్నది ఆ తర్వాత.

ఇక రెండో వైపు. 2024లో బంతి మోస్తూ పరుగెత్తి గజాలు సాధించడంలో ఎన్ఎఫ్ఎల్ మొత్తంలో అట్టడుగున ఉన్న జట్టు రైడర్సే. అదే ఏడాది కాలేజీలో జెంటీ 374 సార్లు బంతి మోశాడు. ఆ దెబ్బలన్నీ పడింది ఈ శరీరం మీదే. పదేళ్ల ఆస్తి అని రాశారు. రన్నింగ్ బ్యాక్‌లలో ఎక్కువ మంది 27 ఏళ్లు దాటేసరికి దిగజారడం మొదలవుతుంది. మంచి రోజులన్నీ సాధారణంగా మొదటి కాంట్రాక్ట్‌లోనే అయిపోతాయి. కాబట్టి మీరు కొంటున్నది నాలుగైదేళ్లు, అది కూడా మోకాలు నిలిస్తే.

2020 గుర్తు చేసుకోండి. ఆ ఏడాది ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంపికైన ఏకైక రన్నింగ్ బ్యాక్ క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్. 32వ స్థానంలో చీఫ్స్‌కు వెళ్లాడు. చాలా డైనస్టీ లీగుల్లో అతనే మొదటి పిక్. మొదటి సీజన్‌లో చేసిన 803 గజాలను ఆ తర్వాత ఎప్పుడూ దాటలేదు, 2024 డిసెంబర్‌లో చీఫ్స్ వదిలేశారు. అదే డ్రాఫ్ట్‌లో 41వ స్థానంలో కోల్ట్స్ తీసుకున్న జోనాథన్ టేలర్ 2021లో 1,811 గజాలతో ఎన్ఎఫ్ఎల్‌లోనే మొదటివాడయ్యాడు. 2024లో అందరికన్నా ముందు ఎంపికైన బ్యాక్ జోనాథన్ బ్రూక్స్. టెక్సస్ యూనివర్సిటీ కుర్రాడు, మీకు తెలిసే ఉంటాడు. కాలేజీలో తెగిన మోకాలి లిగమెంట్ బాగుచేయించుకుని నవంబర్‌లో పాంథర్స్ తరఫున మైదానంలోకి దిగాడు. డిసెంబర్‌లో అదే మోకాలు మళ్లీ పోయింది. 2025 సీజన్‌కు కూడా అతన్ని పక్కన పెట్టేశారు. 2012లో 3వ స్థానంలో వచ్చిన ట్రెంట్ రిచర్డ్‌సన్‌ను మరుసటి ఏడాది సెప్టెంబర్‌కే బ్రౌన్స్ అమ్మేశారు. వీళ్ల కోసం కూడా మీలాగే ఎవరో భవిష్యత్తు పిక్‌లన్నీ ఇచ్చేసి ఉంటారు.

పొరపాటు మొదలయ్యేది ‘ఆస్తి’ అనుకోవడం దగ్గరే. ఆటగాళ్ల మార్పిడి విలువ చూపించే ట్రేడ్ కాలిక్యులేటర్‌లో జెంటీ పక్కన పెద్ద అంకె కనిపిస్తుంది. అది పాయింట్లు, డబ్బు కాదు. అతన్ని ఇచ్చి మరో ఆటగాడినో మరో పిక్‌నో తెచ్చుకోగలరు గానీ, నవంబర్ అద్దె కట్టలేరు. ముందే కట్టిన 3,000 డాలర్లు కూడా అంతే. మధ్యలో అవసరం పడితే లీగ్ నడిపే కమిషనర్ తిరిగి ఇస్తాడని ఎక్కడైనా రాసి ఉందా?

ఇప్పుడు మీ ఇంటి లెక్క. 6,200 డాలర్లు అంటే నెలా నాలుగు రోజుల ఖర్చు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి, స్టేటస్ మార్చుకోవడానికి, లేదా సామాను సర్దుకుని బయల్దేరడానికి గరిష్ఠంగా 60 రోజులు. మీ డబ్బు అందులో సగం దాటిన కొద్ది రోజులకే అయిపోతుంది. అక్టోబర్ మొదటి వారంలో లేఆఫ్ అయిందనుకోండి. డిసెంబర్ మొదటి వారానికి గడువు ముగుస్తుంది. మామూలుగా ఫ్యాంటసీ ప్లేఆఫ్స్ జరిగేది సీజన్ 15, 16, 17 వారాల్లో, అంటే డిసెంబర్ మధ్య నుంచి నెలాఖరు వరకు. జెంటీ వారానికి మూడు టచ్‌డౌన్‌లు చేసినా ఆ బహుమతి చేతికొచ్చేసరికి మీ గడువు దాటిపోయి ఉంటుంది. ఆ రెండు నెలల్లో అద్దె, కారు ఇన్‌స్టాల్‌మెంట్, ఇండియాకు పంపే డబ్బు ఆగవు. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌ను కోబ్రా చట్టం కింద కొనసాగించాలంటే కంపెనీ కడుతున్న వాటా కూడా మీరే కట్టాలి, పాప ఉంది కాబట్టి మానేయడానికి లేదు. వెనక్కి వెళ్లాల్సి వస్తే మూడు టికెట్లు, లీజు మధ్యలో వదిలినందుకు పెనాల్టీ. ఇవన్నీ ఒకే జీతం మీద నడుస్తున్నాయి. మీ భార్యకు వర్క్ పర్మిట్ లేనంతకాలం రెండో జీతం గురించి ఆలోచించడానికి కూడా లేదు.

అందుకే ఆరు నెలల ఖర్చు, అంటే 32,400 డాలర్లు, పక్కన ఉండాలి. ఒక్కసారిగా కాదు. మొదట 10,800 దాటించండి, ఆ 60 రోజులకు సరిపోతుంది. తర్వాత 16,200. ఆపై బోనస్ వచ్చినా, ట్యాక్స్ రిఫండ్ వచ్చినా సగం ఇందులోకే. జీతం పడిన రోజునే వేరే బ్యాంకులోని హై యీల్డ్ సేవింగ్స్ అకౌంట్‌కు ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. చెకింగ్ అకౌంట్‌లో ఉంచితే అది ఎమర్జెన్సీ ఫండ్‌గా మిగలదు, ఏదో ఒక ట్రేడ్‌కు ఎంట్రీ ఫీజైపోతుంది.

అప్పు సంగతి. కార్డు మీద క్యాష్ తీసుకుంటే గ్రేస్ పీరియడ్ ఉండదు, తీసుకున్న రోజు నుంచే వడ్డీ. 28 శాతం అనుకుంటే 3,000 డాలర్లకు ఏడాదికి 840, దాని మీద ఫీజు అదనం. ఆట కోసం ఇంత వడ్డీ కట్టడానికి ఏ లెక్కా ఒప్పుకోదు. 401(కె) లోన్‌లో వడ్డీ మన అకౌంట్‌కే వస్తుంది కదా అని మీరు రాశారు. ఉద్యోగం మానినా, తీసేసినా మిగిలిన బాకీ ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా తీర్చాలి. లేకపోతే అది మీ ఆదాయం కింద లెక్కకొస్తుంది, మీ వయసుకు 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది. అంటే లేఆఫ్ కష్టాలకు తోడు అప్పు కూడా మెడకు చుట్టుకుంటుంది. దయచేసి ఆ లోన్ ఫారం మూసేయండి.

ఇన్సూరెన్స్ విషయంలో కూడా ఇదే చిక్కు. మీకున్నది కంపెనీ ఇచ్చే గ్రూప్ లైఫ్ కవర్ ఒక్కటే, ఉద్యోగంతో పాటు అది కూడా పోతుంది. సొంతంగా 20 ఏళ్ల టర్మ్ పాలసీ తీసుకోండి. వీసా మీద ఉన్నా ఇచ్చే కంపెనీలు అమెరికాలో ఉన్నాయి. సిగరెట్ అలవాటు లేకపోతే ఈ వయసులో మీకు అయ్యే ప్రీమియం మీ లీగ్ ఎంట్రీ కన్నా తక్కువే ఉంటుంది.

రాత్ ఐఆర్ఏ (రిటైర్మెంట్ అకౌంట్), ఇండెక్స్ ఫండ్స్ సంగతి ఎమర్జెన్సీ ఫండ్ నిండాక. లీగ్‌లో గెలిచిన డబ్బు ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి.

మీ ఐదో పిక్ మీ దగ్గరే ఉంచుకోండి. ట్రెవియన్ హెండర్సన్ లాంటి వాడు అక్కడి దాకా రావచ్చు. పేట్రియట్స్ అతన్ని 38వ స్థానంలో తీసుకున్నారు, 2020లో టేలర్ వచ్చింది కూడా ఆ దరిదాపుల్లోనే. రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లు మీ చేతిలో ఉంటాయి, జేబులోంచి కొత్తగా ఒక్క డాలర్ పోదు. 2026 ఎంట్రీ కట్టాలా, లీగ్ వదలాలా అన్నది అప్పటికి ఫండ్ 16,200 చేరిందో లేదో చూసి నిర్ణయించండి. చేరకపోతే వదిలేయండి.

అమ్మానాన్నల పాలసీని మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. ముందు నుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ల వరకు ఉండవచ్చు, అది పాలసీ మొదలైన రోజు నుంచే లెక్క. బీపీ, షుగర్ ఉంటే ప్రపోజల్ ఫారంలో రాయించండి. ఏజెంట్ వద్దన్నా రాయించండి. దాచిన సంగతి ఆసుపత్రి బిల్లు దగ్గర బయటపడితే క్లెయిమ్ తిరస్కరిస్తారు.