గూడు జోలికి పోబోతున్న మా అమ్మాయికి

తల్లీ,

దొడ్లో దానిమ్మచెట్టుకు తేనెపిట్ట గూడు కట్టిందనీ, పిల్లలెగిరిందాకా నువ్వు రోజూ ఫోటోలు తీస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆమె తిడతా చెప్పింది. నాకేమో మీసం మెలెయ్యాలనిపించింది. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది.

కెమెరా గురించి నేను చెప్పేదేముంది. ఫ్లాష్ వద్దు. వరండాలోంచే తియ్యి. మందారకు పురుగుమందు కొట్టొద్దు. చూరులో బూజు దులపొద్దు, ఆడపిట్ట గూడు అల్లేది దాంతోనే.

ఇక ఆకుల సంగతి. నేను ఉదయగిరిలో ఉన్నప్పుడు పక్కింటాయన పెరట్లో ఇట్లాగే కట్టింది. బెరడు ముక్కలు, ఎండుగడ్డి, గొంగళిపురుగుల పెంటికలు సాలెపట్టుతో అతికించి, చూసేవాళ్లకు ఏదో చెత్త వేలాడతన్నట్టుంటుంది. పక్కన బెజ్జం, దానిపైన చిన్న చూరు, అందులోంచి తల్లి వంకరముక్కు ఒక్కటే బయటికి. ఆ మహానుభావుడికి ఫోటోలో ఆకు అడ్డమొచ్చిందంట! కత్తెర తెచ్చి నాలుగు రెమ్మలు తీసేశాడు. ఇక ఎండంతా గూటి మీదే. తల్లీతండ్రీ నోట్లో సాలీడు కరుచుకుని వచ్చి, ఈయన్ని చూసి బట్టల తీగ మీదే ఆగిపోయేవి. కాకికి ఆ మొహమాటం లేదు. మర్నాడు గూడు అడుగు చినిగి వేలాడతా ఉంది. "ప్రకృతి అంతే సార్" అన్నాడు. కత్తెర ఎవరిదయ్యా అన్నాను. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు.

కాబట్టి ఒక్క ఆకు తుంచినా నా మీద ఒట్టే. అడ్డమొస్తే నువ్వే పక్కకు జరుగు.

పొదిగేది ఆడపిట్ట ఒక్కటే, 15 రోజులు అటూ ఇటూ. అందాకా దగ్గరికి పోకు. పిల్లలయ్యాక మొగది కూడా మేత తెస్తుంది, నీ ఫోటోలు అప్పుడు. నీడలో కాకినలుపు, ఎండ తగిలితే ఊదారంగు నిగనిగ. జతకట్టే కాలం అయిపోతే ఆ సోకంతా పోయి, పసుప్పచ్చ పొట్ట మీద ఒక నల్లచార మిగులుతుంది. అప్పుడు చూసి ఇదేదో వేరే పిట్ట అనుకునేవు.

చక్కెరనీళ్ల సీసా కడతావంట, ఎందుకే? గూట్లో పిలకాయలకు కావాల్సింది పురుగులు. నూరువరహాల మొక్క ఒకటి నాటు, పెద్దవాటికి అది చాలు.

మీ అమ్మ తిట్టేది పిట్ట గురించి కాదు, నీ తలనొప్పి గురించి. మన నెల్లూరు ఎండ నీకు తెలీందా? నెత్తిన తువ్వాలు వేసుకో, మజ్జిగ తాగు. మొగపిట్ట మేత పెట్టే ఫోటో మాత్రం ముందు నాకే పంపాలి, మీ నాన్నక్కాదు.

మీ పెదనాన్న