ప్రాగ్మాటిజానికీ శిశు కేంద్రిత విద్యకూ సంబంధం ఏమిటి?

ఒక భావన సరైనదో కాదో ఆచరణలో పెట్టి, ఫలితం చూసి తేల్చుకోవాలంటుంది ప్రాగ్మాటిజం అనే తాత్విక ధోరణి. అమెరికాలో చార్లెస్ పర్స్, విలియం జేమ్స్ మొదలుపెట్టిన ఈ ఆలోచనను తత్వవేత్త జాన్ డ్యూయీ బడిలోకి తెచ్చారు. చేసి చూస్తేనే జ్ఞానం వస్తుందన్నప్పుడు, పిల్లలు కదలకుండా కూర్చుని వినడం చదువెలా అవుతుంది? పిల్లల పనులు, అనుభవాల చుట్టూ చదువును నడిపే శిశు కేంద్రిత విద్యకు ఇదే ఆధారం.

1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన ప్రారంభించిన ప్రయోగ పాఠశాలలో పిల్లలు వంట, వడ్రంగం, నేత పనులు చేసేవారు. ఒకసారి కొందరు పిల్లలు అరగంట పాటు చేతులతో పత్తి గింజలు తీస్తే ఒక ఔన్సు దూది కూడా రాలేదు. ఉన్ని పరిశ్రమ కంటే నూలు పరిశ్రమ ఎందుకు ఆలస్యంగా ఎదిగిందో వాళ్లకు అప్పుడు అర్థమైంది. చరిత్ర, భూగోళం, సైన్స్ అన్నీ ఆ పనిలోంచే మొదలయ్యేవి. డ్యూయీ రాసినవాటిలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇదే.

పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేయడమే శిశు కేంద్రిత విద్య అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అలాంటి బడులను 1938లో డ్యూయీయే విమర్శించారు. అన్ని అనుభవాలూ చదువు కావు, ముందుకు నడిపించే అనుభవాన్ని ఎంచి ఏర్పాటు చేయాల్సింది టీచరే అన్నది ఆయన వాదన. అందుకే ఈ పద్ధతిలో టీచర్ పని తగ్గదు, ఇంకా పెరుగుతుంది.