తెలియకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద భయం

ఆందోళన స్వభావం ఉన్నవాళ్ళు ఏమవుతుందో తెలియనప్పుడు నిర్ణయాలు ఎలా తీసుకుంటారు అని అడిగారు కదా. నేను చిన్నప్పట్నుంచీ ఈ టైపే, అందుకే నాకు జరిగింది చెప్తాను.

మాలాంటివాళ్ళు ఏదీ తేల్చుకోకుండా నానుస్తారు అంటారు అందరూ. నిజమే, కానీ అది సగమే. తొందరపడి తేల్చిపారేయడం కూడా ఉంటుంది, అది బయటికి ధైర్యంలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

కొన్నేళ్ళ క్రితం ఒక జాబ్ ఆఫర్ చేతిలో ఉంది, నాకు నిజంగా ఇష్టమైన ఇంకోదానికి ఇంటర్వ్యూ బాగా అయింది, నాలుగు రోజుల్లో చెప్తామన్నారు. మొదటివాళ్ళు వారం టైం ఇచ్చారు కూడా. రెండో రోజు రాత్రి ఫోన్ బోర్లా పెట్టడం, మళ్ళీ తీసి మెయిల్ రిఫ్రెష్ చేయడం, ఈ టైంలో ఎవరూ పంపరని తెలిసీ మళ్ళీ చేయడం, ఇలా రెండున్నర దాకా కొట్టుకుని కొట్టుకుని మొదటివాళ్ళకి ఓకే అని పంపేశా. ఐదు నిమిషాల్లో నిద్ర పట్టేసింది. అంత హాయిగా నిద్రపట్టింది కాబట్టి చేసింది కరెక్టే అనుకున్నా, అక్కడే పొరపాటు పడ్డా. ఆ హాయి ఉద్యోగం వల్ల వచ్చింది కాదండి, ఎదురుచూపు తప్పినందుకు వచ్చింది. నాలుగో రోజు రెండోవాళ్ళ దగ్గర్నుంచి సెలెక్ట్ అయ్యారని మెయిల్. ఆ బాధ చాలా రోజులు పోలేదు.

తర్వాత దీని గురించి చదివా. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళ ప్రయోగంలో, చేతికి షాక్ ఖచ్చితంగా తగులుతుందని తెలిసినప్పటికంటే, తగిలే ఛాన్స్ 50 శాతం ఉన్నప్పుడే జనానికి స్ట్రెస్ ఎక్కువైంది. మామూలు మనుషులకే అలా ఉంటే ఇక మాకెలా ఉంటుందో చూడండి. 2017లో వచ్చిన ఇంకో స్టడీలో ఆందోళన సమస్య ఉన్నవాళ్ళు రిస్కుకి, అంటే ఫలితం ఏమవుతుందో ఖాయంగా తెలియని ఎంపికకి, మిగతావాళ్ళకంటే ఎక్కువ వెనకాడారు, కానీ నష్టానికి మాత్రం అందరిలాగే భయపడ్డారు. అంటే మాకు ఎక్కువ గుచ్చుకునేది పోతుందన్న భయం కాదు, ఏమవుతుందో తెలియకపోవడం. నా విషయంలో ఇది అక్షరాలా నిజం.

ఇప్పుడు ఏదైనా ఓకే చెప్పేముందు ఒకటే అడుగుతా, ఇంకా తేలని ఆ రెండో ఆప్షన్ సంగతి ఇప్పుడే తెలిసిపోతే అప్పుడు కూడా దీన్నే ఎంచుకుంటానా అని. రాత్రి పది దాటాక మాత్రం ఎవరికీ అవును, కాదు ఏదీ పంపను. మొన్న ఇల్లు మారే విషయంలో అలాగే ఐదు రోజులు ఆగా, నిద్ర సరిగ్గా పట్టలేదు కానీ ఆగా.