గని మీద ప్రజాభిప్రాయ సేకరణ సభ: అడ్డుకోవాలా, వెళ్లి మాట్లాడాలా?

పట్టణానికి 4 కిలోమీటర్ల దూరంలో సున్నపురాయి గని వస్తోంది, పేపర్లో ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు పడింది, సభ జరగనివ్వకపోతే గని ఆగిపోతుందా అని అడిగారు.

ఆగదు. సభను చెడగొట్టడం మీకే నష్టం. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో ఈ సభకు కోరం లేదు, పదిమంది వచ్చినా జరిగినట్టే లెక్క. అక్కడి పరిస్థితుల్లో జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని అధికారులు రాసి పంపితే, సభే లేకుండా ముందుకు పోయే దారి కూడా అందులోనే ఉంది. సభలో ఓటింగ్ ఉండదు. వేదిక మీద కూర్చున్న కలెక్టరో, అదనపు కలెక్టరో, కాలుష్య నియంత్రణ మండలి అధికారో గని వద్దని అక్కడ చెప్పలేరు. వాళ్ల పని మీ మాటలు రాసుకుని పైకి పంపడం. తర్వాత పర్యావరణ అనుమతిని పరిశీలించే నిపుణుల కమిటీ చూసేదీ, కోర్టు చూసేదీ ఆ రాతే. కాబట్టి అందులో మీ అభ్యంతరం ఎంత కచ్చితంగా నమోదైందన్నదే ముఖ్యం.

నోటీసుకూ సభకూ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. పేపర్లు అందని ఊళ్లలో దండోరా వేయించాలి. ముసాయిదా ఈఐఏ నివేదిక, దాని తెలుగు సారాంశం కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, స్థానిక సంస్థల దగ్గర, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడటానికి పెట్టాలి. దీనికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కూర్చోకండి, జవాబుకే 30 రోజులు పడుతుంది. నేరుగా వెళ్లి అడగండి. అక్కడ లేదని చెబితే, అప్పటికప్పుడు కలెక్టరుకు ఉత్తరం ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. సభ అయిపోయాక ‘మాకు నివేదిక చూపించలేదు’ అంటే బలం ఉండదు, ముందే రాసిచ్చిన కాగితానికి ఉంటుంది.

అసలు పని నివేదిక చదవడంలో ఉంది. ఇంగ్లీషులో వందల పేజీలుంటుంది కాబట్టి అధ్యాయాలు పంచుకుని చదవండి. గని చుట్టూ 10 కిలోమీటర్ల పటం ముందు పెట్టుకుని చెరువులు, వాగులు, బడి, గుడి, శ్మశానం, తాగునీటి బోర్లు ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ సరిచూడండి. రెండు పంటలు పండే భూమిని బీడుగా చూపడం, చెరువును వదిలేయడం, దగ్గరున్న తండాను దూరం జరపడం తరచూ కనిపించే తప్పులు. అడంగల్ లేదా పహాణీ నకలు, ఫోన్‌లో తీసిన లొకేషన్ ఫొటో జత చేస్తే వాటిని కొట్టిపారేయలేరు. వేరే జిల్లా పేరో, ఇక్కడ లేని చెట్టో కనిపిస్తే ఆ పేజీ ప్రత్యేకంగా పట్టుకోండి. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యా గని నివేదికలోని భాగాలు దొరికాయి. తప్పుడు సమాచారం ఇస్తే అనుమతి తిరస్కరించవచ్చు, ఇచ్చాక రద్దు చేయవచ్చు అని నోటిఫికేషన్‌లో 8వ పేరా చెబుతోంది.

నీళ్ల అధ్యాయం మీద ఎక్కువ సమయం పెట్టండి. సున్నపురాయి ప్రాంతంలో గుంత భూగర్భ జలమట్టం దాటి దిగితే నీటిని తోడి పారబోస్తారు, చుట్టుపక్కల బావులు ఎండుతాయి. గుంత చివరి లోతు ఎంత, నీటిమట్టం ఎంత లోతున ఉంది అనే రెండు అంకెలు నివేదికలో వేర్వేరు చోట్ల ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూడండి. ఈలోగా మీ ఊరి బావుల్లో తాడుకు బరువు కట్టి మట్టం కొలిచి, తేదీ, సర్వే నంబరుతో రాసిపెట్టండి. మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలవాలి. గని వచ్చినా రాకపోయినా ఆ పుస్తకం పనికొస్తుంది, రేపు బావి ఎండితే ముందు నీళ్లుండేవని చెప్పే సాక్ష్యం అదే.

లారీల లెక్క మీరే వేయండి. ఏడాదికి 10 లక్షల టన్నులంటే, 300 పనిరోజులకు రోజుకు దాదాపు 3,333 టన్నులు. 25 టన్నుల టిప్పర్లయితే 133 ట్రిప్పులు, రానుపోను 266. పది గంటల్లో అంటే బడి ముందు నుంచి రెండు నిమిషాల పైచిలుకుకు ఒక బండి. ‘దుమ్ము వస్తుంది’ అనే మాటకన్నా ఈ లెక్క బలంగా నిలుస్తుంది. బ్లాస్టింగ్ అయితే 500 మీటర్ల ప్రమాద పరిధిలో ఎన్ని ఇళ్లు, ఎన్ని పొలాలు ఉన్నాయో సర్వే నంబర్లతో అడగండి.

అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒకే నమూనా మీద 500 సంతకాలు పెడితే ఒక్క అభ్యంతరంగా కుదించేస్తారు. అదే 30 మంది 30 వేర్వేరు విషయాలు రాస్తే ఒక్కోదానికీ కంపెనీ జవాబు చెప్పాలి. పేరు, ఊరు, నివేదిక పేజీ సంఖ్య, తప్పేమిటి, ఏం కోరుతున్నారు: ఇంత చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి.

సభలో ఒక్కొక్కరు ఒక్క విషయమే, మూడు నిమిషాల్లో చెప్పండి. ఆడవాళ్లను మొదటి వరసలో కూర్చోబెట్టి ముందు మాట్లాడించండి, మధ్యాహ్నం దాటితే ఇళ్లకు వెళ్లిపోవాల్సి వస్తుంది. అధికారిక వీడియో ఉన్నా మీ ఫోన్ స్టాండు మీద పెట్టి మొత్తం తీయండి. అందరూ చేసే పెద్ద పొరపాటు, మాట్లాడేసి వెళ్లిపోవడం. చివర్లో సభ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు సంతకం కావాలి. ఖాళీ కుర్చీల ముందు చదివితే తప్పు చెప్పేవాళ్లుండరు. చివరిదాకా కనీసం 20 మంది ఉండి, వదిలేసినవి అక్కడే రాయించండి.

గ్రామసభ తీర్మానం గురించి స్పష్టంగా ఉండండి. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు వద్దన్నాక బాక్సైట్ గని ఆగింది. అయితే సుప్రీంకోర్టు అక్కడ అటవీ హక్కుల చట్టం కింద వాళ్ల నిర్ణయం కోరింది. మైదాన ప్రాంతంలో పంచాయతీ తీర్మానం ఆటోమేటిక్‌గా గనిని ఆపదు, కానీ బలమైన సాక్ష్యం. తీర్మానం నంబరు, తేదీ, సర్పంచ్, కార్యదర్శి సంతకాలు లేకపోతే అదీ కాదు.

ఇంకొకటి. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఈ ప్రజాభిప్రాయ సేకరణ నుంచే మినహాయింపు ఇచ్చింది. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మీది సున్నపురాయి కాబట్టి మీకు సభ ఉంది, వదులుకోకండి.

సభ అయ్యాక కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైట్ ‘పరివేష్’ను వారానికోసారి చూడండి. నిపుణుల కమిటీ అజెండాలో మీ ప్రాజెక్టు కనిపిస్తే సమావేశానికి ముందే సభ్య కార్యదర్శికి మీ కాగితాలు పంపండి. అనుమతి ఇచ్చేస్తే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి 30 రోజులే గడువు. సరైన కారణం చూపితే మరో 60 రోజులు, ఆ తర్వాత ఒక్కరోజు కూడా తీసుకోరు. మన రాష్ట్రాలకు బెంచ్ చెన్నైలో ఉంది. పరిహారం అడగని అప్పీలుకు కోర్టు ఫీజు 1,000 రూపాయలు. లాయరును అనుమతి వచ్చాక వెతుక్కోవద్దు, ఇప్పుడే మాట్లాడి ముద్రలు పడిన కాపీలన్నీ ఒక సెట్ ఆయన దగ్గర పెట్టండి.