చెన్నైలో బట్టల అలమర సర్దే ముందు చెమ్మ ఎక్కడుందో చూడండి

మీరు అడిగింది ఇది: వేళచ్చేరిలో ఫ్లాట్, పడగ్గది గోడలో కట్టిన 6 అడుగుల వెడల్పు అలమర, 60 చీరలు, మీవారి చొక్కాలు, ప్యాంట్లు. ఎన్నిసార్లు సర్దినా వారం తిరక్కుండానే కలగాపులగం అవుతోంది, తలుపు తీస్తే ముక్కిన వాసన వస్తోంది. ముందు ఆ వాసన సంగతి తేల్చుకోండి. అది తేలకుండా ఎంత అందంగా మడతపెట్టినా వానాకాలం తిరిగేసరికి బూజు పడుతుంది.

అలమర మొత్తం ఖాళీ చేసి, లోపలి గోడకు అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ షీటు పెట్టి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు వేసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. షీటుకీ గోడకీ మధ్య నీటి చుక్కలు కనిపిస్తే గోడలోనే చెమ్మ ఉంది. వెనక బాత్రూమ్ ఉంటే ముందు అక్కడి టైల్స్ సందులూ పైపులూ చూపించాలి. లోపల రంగు వేసి ఊరుకుంటే కొన్నాళ్లకు అదీ పొరలుగా లేస్తుంది. బాగు చేయించేదాకా బట్టలు గోడకు తగలకుండా 2 అంగుళాలు ఎడం ఉంచండి. చుక్కలు షీటు బయటివైపు పట్టాయంటే గోడ తప్పు కాదు, గదిలోని గాలిదే తేమ.

ఈ రెండోది ఏసీ గదుల్లో, ముఖ్యంగా కడప బండలతో అరలు కట్టిన పాత ఇళ్లలో ఎక్కువ. రాత్రంతా ఏసీకి బండ చల్లబడి ఉంటుంది. పొద్దున్నే కిటికీలు తీయగానే బయటి తేమ గాలి దానిమీద నీరుగా మారుతుంది, చల్లటి నీళ్ల చెంబుకి బయట చెమర్చినట్టు. అందుకని ఏసీ ఆపాక గంటసేపు అలమర తలుపులు మూసే ఉంచండి. వాన లేని రోజు మధ్యాహ్నం తెరిచి, ఫ్యాన్ వేసి గంటసేపు గాలి ఆడనివ్వండి. బండ మీద పల్చటి ప్లైవుడ్ పలక గానీ ఉతికిన పాత దుప్పటి గానీ పరవండి. న్యూస్‌పేపర్ మాత్రం వద్దు. సిరా తెల్ల బట్టలకు అంటుతుంది, కాగితం సిల్వర్‌ఫిష్ పురుగులకు మేత. గంజి కూడా వాటికి ఇష్టమే, కాబట్టి నెలల తరబడి లోపల ఉంచే నూలు చీరల్ని గంజి పోయేలా ఉతికి పెట్టాలి.

ఇక కొలతలు. హ్యాంగర్ వెడల్పు 17 అంగుళాల పైనే ఉంటుంది కాబట్టి చొక్కాలు పక్కకి తిరిగి వేలాడాలంటే అలమర లోపలి లోతు 22 అంగుళాలు కావాలి. గోడ అలమరల్లో చాలావాటికి అంత ఉండదు. అలాంటప్పుడు అడ్డంగా రాడ్ వేయిస్తే తలుపు పడదు, భుజాలు నలుగుతాయి. ముందుకు లాగే రాడ్ పెట్టించండి. మీ అలమర 7 అడుగుల ఎత్తుంటే ఒక సగంలో 80 అంగుళాల దగ్గర ఒక రాడ్, 40 దగ్గర ఇంకొకటి: పైన చొక్కాలు, కింద సగానికి మడిచిన ప్యాంట్లు, రోజూ కట్టే సింథటిక్ చీరలు. అడ్డరాడ్ 3 అడుగులు దాటితే మధ్యలో ఆనిక లేకపోతే వంగిపోతుంది. రెండో సగంలో అరలు, మధ్య 12 అంగుళాల ఎడంతో. అంతకంటే ఎత్తుంటే దొంతర పెరుగుతుంది, కింది చీర లాగితే పైవన్నీ కూలతాయి. మీ అలమర వారంలో చెదిరిపోవడానికి ముఖ్య కారణం ఇదే అయి ఉంటుంది. రోజువారీ చీరలు దొంతరకు 8 మించొద్దు, ప్రతి అరలోనూ పావు వంతు ఖాళీ ఉండాలి.

పట్టు చీరల్ని హ్యాంగర్‌కి తగిలించకండి. బరువైన కంచిపట్టు చీర తన బరువుకే సాగి, మడత పడిన చోట జరీ విరుగుతుంది. దొంతరకు 5 చాలు. ఒక్కో చీరనీ ఉతికిన తెల్లటి మల్లు గుడ్డలో చుట్టి, జరీ లోపలికి వచ్చేలా మడవండి. మూడు నెలలకోసారి మడత మార్చండి. ప్లాస్టిక్ కవర్లో ఉంచితే తేమ బయటికి పోదు. అసలు జరీలో వెండి ఉంటుంది, అందుకే అది నల్లబడుతుంది. సెంటు నేరుగా చల్లకూడదు. పెళ్లికి కట్టొచ్చిన చీరని ఆ రాత్రే లోపల పెట్టేయకుండా నీడలో ఒక పూట ఆరనివ్వండి, చెమట తడి పోవాలి.

కలరా ఉండలు చీర మడతల్లో వేసే అలవాటు మానేయండి, మరక పడుతుంది. వాటి ఆవిరి గాలికంటే బరువైనది, కాబట్టి గుడ్డమూటలో కట్టి పై అరలో పెడితే కిందికి దిగుతుంది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే అసలు వాడొద్దు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసివాళ్లకు ఆ ఆవిరితో ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. ఎండు వేపాకు మంచిదే గానీ చేత్తో నలిపితే పొడి అయ్యేంత ఎండాలి. పచ్చిగా ఉంటే అదే బూజు తెస్తుంది. సిలికా జెల్ సందులున్న అలమరలో త్వరగా తేమ పీల్చుకుని పనికిరాకుండా పోతుంది. గట్టి మూత ఉన్న పెట్టెలో పెడితేనే ఉపయోగం. గాలిలోని తేమను పీల్చి నీరుగా పట్టే డబ్బా వాడితే అన్నింటికంటే కింద నిటారుగా పెట్టండి, ఒలికితే పట్టు మీద మరక పోదు.

ఒకసారి కట్టి విప్పిన బట్టలకు తలుపు బయట నాలుగు కొక్కేలు ఉండాలి. అవి లేకపోతే ఆ బట్టలు ఉతికినవాటి మీదే పడతాయి. ఇస్త్రీ నుంచి వచ్చిన మూట విప్పి, వేడి చల్లారాక లోపల పెట్టండి, ఆవిరి తడి ఇంకా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో బట్ట పైకి ఆరినట్టే కనిపిస్తుంది. జీన్స్ జేబుల లోపల, లంగా నాడా దూర్చే పట్టీ దగ్గర, జాకెట్టు చంకల కుట్టు దగ్గర పట్టుకు చూడండి. చల్లగా తగిలితే ఇంకో పూట ఫ్యాన్ కింద ఉంచాల్సిందే.