శాలువాల కంటే ముందు రిజిస్టరు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఎస్వీ యూనివర్సిటీలో ప్రతిభా పురస్కారాల సభ బాధ్యత ఈ ఏడు నీకు అప్పగించారని రాశావు. హాలు ఏది తీసుకోవాలి, ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలి అని అడిగావు. ఆ రెండూ తర్వాత తేలతాయి. ముందు ఒక రిజిస్టరు తెరువు తల్లీ. పిల్లల్లో, పాత విద్యార్థుల్లో, అధ్యాపకుల్లో ఎవరు ఏం సాధించారో తప్పు లేకుండా నీ చేతిలో ఉంటే సభ సగం అయిపోయినట్టే. అది లేకుండా ఎంత ఖర్చు పెట్టినా, పేరు తప్పుగా చదివించుకున్న పిల్లాడు మొహం చిన్నబుచ్చుకునే ఇంటికెళ్తాడు.

అన్ని విభాగాలకూ సర్క్యులర్ పంపి ఊరుకుంటే పని కాదు. అది శాఖాధిపతి టేబుల్ మీదే ఆగిపోతుంది. ప్రతి విభాగంలో ఒక రీసెర్చ్ స్కాలర్‌ను, ఒక ఆఫీసు మనిషిని పట్టుకో. ఏ పిల్లలు ఏ పోటీకి పోయారో స్కాలర్‌కు తెలుస్తుంది. ఎవరు బోనఫైడ్ రాయించుకున్నారో, ఎవరికి హాజరు మినహాయింపు ఇచ్చారో ఆఫీసుకు తెలుస్తుంది. ఫిజికల్ డైరెక్టరు, ఎన్‌సీసీ ఆఫీసరు, ఎన్‌ఎస్‌ఎస్ కోఆర్డినేటరు, ప్లేస్‌మెంట్ సెల్, పీహెచ్‌డీ సెక్షన్, ఈ అయిదు చోట్లకు మాత్రం నువ్వే నడిచి వెళ్ళు. ఫోన్లో అడిగితే పెద్దవి మాత్రమే చెప్తారు.

గూగుల్ ఫారంలో ప్రశ్నలు జాస్తి పెట్టొద్దు. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, అదే పేరు తెలుగులో, విభాగం, సంవత్సరం, సొంత ఊరు, మండలం, సాధించింది ఏమిటి, ఇచ్చింది ఎవరు, ఏ తేదీన, దానికి ఆధారం. అంతే. తెలుగు పేరు వాళ్ళ చేతే రాయించు. ఇంగ్లీషు అక్షరాలు చూసి చదివేవాళ్ళకు 'లత' కాస్తా 'లతా' అయిపోవడం, ఇంటిపేరు పొట్టి అక్షరం ఎగిరిపోవడం మామూలే. ఒకే తరగతిలో ముగ్గురు సాయికుమార్లు ఉంటారు, ఊరి పేరుతోనే విడదీయాలి. ఫారానికి నాలుగు వారాలు గడువు ఇచ్చి, మూడో వారం చివర ఖాళీగా ఉన్న విభాగాలకు ఫోన్ చెయ్యి.

ఆధారాలతో సహా ఈ రిజిస్టరు కుదిరితే, యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే నాక్‌కు ఏటా పంపే నివేదిక కోసం ఐక్యూఏసీ (మీ యూనివర్సిటీలో నాణ్యత చూసే విభాగం) వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు. ఒక తేడా గుర్తుంచుకో. నాక్ లెక్కలో జట్టుకు వచ్చిన పతకం ఒక్కటే కింద లెక్క. సభలో మాత్రం జట్టంతటినీ పిలవాలి. కబడ్డీ అంటే కోర్టులో దిగిన ఏడుగురే కాదు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా. వాళ్ళ పేర్లు ఫిజికల్ డైరెక్టరు సంతకంతో రాతపూర్వకంగా తీసుకో.

ఇక అసలు కష్టం, వచ్చినదాన్ని పరీక్షించడం. ఇక్కడ మొహమాట పడొద్దు.

'పేటెంట్ వచ్చింది' అని రాస్తారు. నూటికి చాలా భాగం అది దరఖాస్తు ప్రచురణే. దరఖాస్తు పెట్టిన 18 నెలలకు పేటెంట్ ఆఫీసు జర్నల్లో అది మామూలుగానే అచ్చవుతుంది, ఫీజు కట్టి అడిగితే ఇంకా ముందే అవుతుంది. ఆ తర్వాత పరీక్షకుడు చూసి, అభ్యంతరాలకు జవాబు తీసుకుని మంజూరు చేస్తేనే అది పేటెంట్. డిజైన్ రిజిస్ట్రేషన్ మళ్ళీ వేరు. అది వస్తువు రూపానికి, పేటెంట్ అది పనిచేసే తీరుకు. ఆ మూడింటినీ మూడు వరసల్లో రాసుకో. 'ప్రచురితమైంది' అని చెప్పడం తక్కువేమీ కాదు. కానీ 'మంజూరైంది' అని చదివితే మర్నాడు ఎవరో నంబరు వెతికి చూస్తారు, ఆ మాస్టారి పరువే పోతుంది.

'స్టాన్‌ఫర్డ్ అవార్డు' అనే మాట కూడా వస్తుంది. అది అవార్డు కాదు. స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేసు సమాచారం మీద ఉల్లేఖనాలను లెక్కగట్టి స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ అయొనిడిస్ బృందం ఏటా విడుదల చేసే, ప్రపంచంలో ముందు వరస 2 శాతం శాస్త్రవేత్తల జాబితా. అందులో జీవితకాల జాబితా ఒకటి, ఆ ఒక్క ఏడాదిది ఇంకొకటి. ఎందులో పేరుందో చూసి, 'ఫలానా జాబితాలో చోటు దక్కింది' అని రాయి.

అధ్యాపక ఉద్యోగానికి, పరిశోధనకు రాసే నెట్ పరీక్ష సంగతీ అంతే. 2024 జూన్ నుంచి అర్హత మూడు రకాలు: జేఆర్‌ఎఫ్‌తో (పరిశోధన చేసేవాళ్ళకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పిల్లను 'నెట్ క్వాలిఫైడ్' అని మాత్రమే చదివితే ఆమె కష్టాన్ని తగ్గించినట్టే.

ఫీజు కట్టించుకుని 'ఉత్తమ అధ్యాపక' బిరుదులిచ్చే సంస్థలు బోలెడు. మూడు ప్రశ్నలు అడుగు: రిజిస్ట్రేషన్ పేరుతో డబ్బు తీసుకున్నారా, ఎంపిక చేసింది ఎవరు, అవార్డులివ్వడం తప్ప ఆ సంస్థకు వేరే పని ఉందా? జవాబు తృప్తిగా లేకపోతే పక్కన పెట్టు. ఒక్క దాన్ని రానిస్తే వచ్చే ఏడు పాతిక వస్తాయి, నిజంగా సాధించినవాళ్ళు వాటి నడుమ కనపడకుండా పోతారు. ఈ నిర్ణయం నువ్వొక్కదానివే తీసుకోకు, ముగ్గురి కమిటీ సంతకాలతో ఫైల్లో పెట్టు. అలిగినవాళ్ళు నీ మీదికి రారు.

విద్యార్థి మొదటి రచయితగా ఉన్న పరిశోధన పత్రాన్ని గైడు పేరుతో చదవొద్దు. గెస్ట్ ఫ్యాకల్టీని, ల్యాబ్ అసిస్టెంట్లను అడగడం మరిచిపోవద్దు. ఫారం వాళ్ళ దాకా పోదు.

పాత విద్యార్థుల విషయం. మీ యూనివర్సిటీ 1954 సెప్టెంబరు 2న మొదలైంది. తొలి బ్యాచీల వాళ్ళు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉంటారు. అలాంటి పెద్దలెవరైనా వస్తే వేదిక మెట్లు ఎక్కించొద్దు, అధికారులే కిందికి దిగి సన్మానించాలి. మంత్రులు, కలెక్టర్లు అయినవాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. నువ్వు వెతకాల్సింది పలమనేరు వైపు పాడి రైతుల సంఘం నిలబెట్టినవాళ్ళు, మండల పరిషత్ బడిలో పిల్లల సంఖ్య పెంచిన పంతులమ్మ, సొంత వర్క్‌షాపు పెట్టి పదిమందికి పని చూపినవాళ్ళు. వాళ్ళు దరఖాస్తు పెట్టుకోరు. క్లాసు జాబితా కంటే హాస్టల్ స్నేహాలు గట్టివి. బ్లాకుకు ఒకరిని పట్టుకుంటే మిగతావాళ్ళ ఆచూకీ దొరుకుతుంది. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: సన్మానం చేసిన రోజు విరాళం అడగొద్దు. శాలువా కప్పి చెయ్యి చాపినట్టుంటుంది. ఆర్నెల్ల తర్వాత వేరే ఉత్తరం రాయి.

తేదీ పెట్టేముందు కొండ మీది క్యాలెండరు చూడు. సెప్టెంబరు–అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాలు, డిసెంబరు–జనవరిలో 10 రోజుల వైకుంఠ ద్వార దర్శనం, ఈ రెండు సమయాల్లో ఊళ్ళో రూములు దొరకవు, అలిపిరి దారిలో బండి కదలదు. బయటి నుంచి వచ్చేవాళ్ళు ఎలాగూ దర్శనం చేసుకునే పోతారు. 300 రూపాయల టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో పెడతారు కాబట్టి, ఆహ్వానం అంతకంటే ముందే వాళ్ళకు చేరాలి. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వాన, ఆరుబయట పందిరి నమ్ముకోవద్దు.

జ్ఞాపికలకు ప్లాస్టిక్ కప్పులు కొనొద్దమ్మా. దగ్గరలోనే శ్రీకాళహస్తి కలంకారీ ఉంది, మాధవమాల కొయ్యబొమ్మలున్నాయి. కాకపోతే కలంకారీ ఆఖరి వారంలో తెప్పించే వస్తువు కాదు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి ఎండబెట్టాలి. వెదురు కలంతో గీసి, పటిక పట్టించి, రంగు రంగుకూ ఉతికి ఆరేయాలి. మబ్బు పట్టిందంటే అన్నీ ఆలస్యమే. రెండు నెలలు ముందుగా చెప్పు. 'చేత్తో గీసిందా, అచ్చు వేసిందా' అని అడిగి తీసుకో. అడుగు చదరపు ముక్కకు చట్రం కట్టించి ఇస్తే ఇంట్లో గోడకు పెట్టుకుంటారు.

వేదిక మీద చదివే పరిచయం మనిషికి 40 మాటలు దాటకూడదు, కానీ ఆ నలభైలో పని కనపడాలి. 'విద్యారంగంలో విశేష కృషి చేసి యూనివర్సిటీ కీర్తిని దశదిశలా చాటిన' అని రాస్తే అది ఎవరికైనా అతుకుతుంది. దానికి బదులు ఇలా రాయించు: 'వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులును ఆకు మీద మచ్చ కనపడకముందే గుర్తించే పద్ధతి మీద నాలుగేళ్ళు పనిచేశారు. అందుకోసం మూడు మండలాల్లో పంట కాలమంతా వారానికోసారి చేలు తిరిగి ఆకులు ఏరుకొచ్చారు. సొంత ఊరు పీలేరు దగ్గర.' ఇది విన్నప్పుడు వెనక వరసలో కూర్చున్న వాళ్ళ నాన్న తల ఎత్తి చూస్తాడు. రాసింది ఆ మనిషికి వాట్సాప్‌లో పంపి 'సరి' అని జవాబు వచ్చాకే అచ్చుకివ్వు.

లెక్క వేసుకో. 60 మందికి తలా నిమిషంన్నర అంటే గంటన్నర. ప్రసంగాలు మొత్తం 30 నిమిషాలు మించనివ్వద్దు. జాబితా వంద దాటితే విభాగాల్లో ముందు చిన్న సభలు పెట్టించి, జాతీయ స్థాయివి, జట్లు, బంగారు పతకాలు పెద్ద సభకు తెచ్చుకో.

సర్టిఫికెట్లు తారుమారు కావడం ప్రతి సభలో జరిగేదే. ఒక్కరు రాకపోయినా దొంతర ఒకటి జరిగి, తర్వాతి వాళ్ళందరికీ పక్కవాళ్ళవి అందుతాయి. దీనికి మందు చాలా తేలిక. కుర్చీ మీద నంబరు అంటించు, అదే నంబరు చీటీ మనిషి చేతికివ్వు. మెట్ల దగ్గర నిలబడ్డ వలంటీరు చీటీ తీసుకుని పేరు అడిగి, ఆ నంబరు కవరు మాత్రమే పళ్ళెంలో పెట్టాలి. చదివేవాళ్ళ కాగితం మీదా అవే నంబర్లు. చీటీ రాకుండా పేరు చదవకూడదు.

తల్లిదండ్రులకు ముందు వరసల్లో ఒక పక్క మొత్తం వదులు. అతిథుల అనుచరులు వచ్చి ఆ కుర్చీల్లో కూర్చుంటారు, కాబట్టి అక్కడ గట్టి మనిషిని నిలబెట్టు. కుప్పం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళకు తిరుగు బస్సు ఉంది, నాలుగున్నరకు సభ ముగియాలి. ఫొటోగ్రాఫర్‌కు చెప్పు, పిల్లతో పాటు తల్లిదండ్రులను నిలబెట్టిన ఫొటో కూడా కావాలని.

పత్రికలకు ప్రెస్ నోట్ ముందు రోజే తెలుగులో రాసిపెట్టుకో. సభ అయిన గంటలో, ఫొటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు రాసి పంపు. ఊరు, మండలం రాస్తే జిల్లా పేజీలో ఆ ఊరి విలేఖరి విడిగా వార్త చేస్తాడు. ఫోన్ నంబర్లు, మార్కులు మాత్రం ఎక్కడా పెట్టొద్దు.

మర్నాడు, అలసట తీరకముందే, రానివాళ్ళ కవర్లు స్పీడ్ పోస్టులో పంపించు, పొరపాటు పడిన పేర్లుంటే సర్టిఫికెట్ మళ్ళీ అచ్చు వేయించు. ఇంకో పని, ఖర్చు పెద్దగా లేనిది: ప్రతి విద్యార్థి చదివిన ఊరి బడి హెడ్మాస్టరుకు ఒక ఉత్తరం, 'మీ దగ్గర పదో తరగతి చదివిన పిల్ల ఈ పని సాధించింది' అని. రిజిస్ట్రారు సంతకం చేయించు. బడి పేరు కోసం ఆ ఫారంలో ఒక గడి ఇప్పుడే కలుపుకో, తర్వాత అడిగితే సగం మంది చెప్పరు.

ఫారం నమూనా తయారయ్యాక నాకు పంపు, చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న